ప్రతిభ ఎప్పుడూ ఉంది: ఇటలీ మహిళల వాలీబాల్ జట్టులో లోటు ఎక్కడ తీరింది?

2024 ఆగస్టు 11, పారిస్ ఒలింపిక్స్ చివరి రోజు. మహిళల వాలీబాల్ ఫైనల్లో ఇటలీ 25-18, 25-20, 25-17తో అమెరికాను చిత్తు చేసింది. టోక్యోలో బంగారు పతకం గెలిచిన అమెరికాకు ఆ రోజు మ్యాచ్‌లో ఊపిరి తీసుకునే సందు కూడా దొరకలేదు. అంతకుముందు క్వార్టర్స్‌లో ప్రపంచ ఛాంపియన్ సెర్బియా, సెమీస్‌లో యూరప్ ఛాంపియన్ టర్కీ కూడా మూడేసి సెట్లలోనే ఇంటిదారి పట్టాయి. టోర్నీ మొత్తంలో ఇటలీ ఓడిన సెట్ ఒక్కటే. అదీ మొదటి మ్యాచ్‌లో డొమినికన్ రిపబ్లిక్ చేతిలో. పురుషులు, మహిళలు ఇద్దరినీ కలిపి చూసినా వాలీబాల్‌లో ఇటలీకి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

దానికి ఏడాది కూడా ముందు కాదు, 2023 సెప్టెంబర్‌లో ఇదే జట్టు పరిస్థితి చూస్తే ఈ ఫలితం నమ్మబుద్ధి కాదు. యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో టర్కీతో ఐదు సెట్లు ఆడి ఓడింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో నెదర్లాండ్స్ చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ వెంటనే పోలండ్‌లో జరిగిన ఒలింపిక్ అర్హత టోర్నీలో అమెరికా, పోలండ్‌ల వెనక నిలిచి నేరుగా బెర్త్ తెచ్చుకోలేకపోయింది. జట్టు స్టార్ పవోలా ఎగోను ఆ టోర్నీ ఆడనే లేదు. కోచ్ డవీడె మజాంతి పదవి పోయింది.

ఈ రెండు దృశ్యాల మధ్య కొత్తగా పుట్టుకొచ్చిన అద్భుత ప్రతిభ ఏమీ లేదు. పారిస్‌లో ఆడిన వాళ్లలో ఎక్కువ మంది అప్పటికే పేరున్న వాళ్లే. మరి మారిందేమిటి? "హూలియో వెలాస్కో వచ్చాడు, జట్టును మార్చేశాడు" అనేది పత్రికలకు నచ్చిన జవాబు. అందులో నిజం లేకపోలేదు. కానీ కోచ్ మాయ అని చెప్పి ఊరుకుంటే, కోర్టు మీద కళ్లెదుటే జరిగిన మార్పులు చూడకుండా వదిలేసినట్టే.

ముందు 2018 సంగతి చూడాలి. జపాన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్లో చైనాపై ఇటలీ 3-2తో గెలిచింది. ఆ ఒక్క మ్యాచ్‌లో ఎగోను కొట్టిన పాయింట్లు 45. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ రాత్రి అందరూ ఆమెను ఆకాశానికెత్తారు, ఎత్తాల్సిందే కూడా. కానీ ఒక జట్టు సెమీఫైనల్ గెలవడానికి ఒకే అమ్మాయి 45 పాయింట్లు కొట్టాల్సి వచ్చిందంటే, ఆ జట్టుకు రెండో దారి సరిగ్గా తెరుచుకోలేదని అర్థం. ఫైనల్లో సెర్బియా చేతిలో 2-3తో ఓడింది. ఆ తర్వాత మజాంతి హయాంలోనే 2021లో యూరప్ టైటిల్, 2022లో నేషన్స్ లీగ్ టైటిల్, అదే ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం వచ్చాయి. చెడ్డ రికార్డు ఏమీ కాదు. అయినా ఒలింపిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ఆగిపోయేది. 2000లో సిడ్నీలో తొలిసారి ఒలింపిక్స్ ఆడింది మొదలు పారిస్‌కు ముందు వరకు ఈ జట్టు క్వార్టర్‌ఫైనల్ ఒక్కసారి కూడా దాటలేదు.

కష్టమైన బంతి వస్తే ఎగోనుకు ఎత్తేయడం, ఆమె ఎగిరి బ్లాక్ (నెట్ దగ్గర ఎదుటివాళ్లు చేతులెత్తి పెట్టే అడ్డుగోడ) పైనుంచి కొట్టేయడం. ఇది బలంలా కనిపించే బలహీనత. ఎదుటి జట్టుకు ఈ సంగతి తెలిశాక ఇద్దరు ముగ్గురు బ్లాకర్లు ముందే ఆమెకెదురుగా వెళ్లి నిలబడతారు. ఆమెది 1.93 మీటర్ల పొడవు, ఆ జంప్‌తో సగం సార్లు అయినా దారి దొరుకుతుంది. పెద్ద టోర్నీలో ఎనిమిదో రోజో పదో రోజో, కాళ్లు బరువెక్కిన పూట ఆ దారి మూసుకుపోతుంది.

సంక్రాంతి టోర్నమెంట్లలో మన ఊళ్లలో చప్పట్లన్నీ స్మాష్ కొట్టిన వాడికే పడినట్టు, అంతర్జాతీయ వాలీబాల్‌లో కూడా కెమెరా ఎటాకర్ మీదే ఉంటుంది. పాయింటు బీజం మాత్రం అంతకు రెండు సెకన్ల ముందే, సర్వీస్‌ను అందుకున్న చేతుల్లో పడుతుంది. రిసీవ్ నెట్ దగ్గరికి చక్కగా వస్తే ఎటాకర్లకు బంతి ఎత్తిచ్చే సెట్టర్‌కు నాలుగు దారులు: మధ్యలో మిడిల్ బ్లాకర్‌కు వేగంగా ఇవ్వొచ్చు, ఎడమ చివరకో కుడి చివరకో వేయొచ్చు, వెనక వరుస నుంచి ఎగిరి వచ్చే వాళ్లకు వదలొచ్చు. ఎదుటి బ్లాకర్లు ఎటు పోవాలో తేల్చుకునేలోపు బంతి కింద పడుతుంది. రిసీవ్ నాలుగు మీటర్లు దూరంగా పోయిందా, సెట్టర్ పరుగెత్తి వెళ్లి చివరికి ఒకవైపుకు ఎత్తు సెట్ వేయడం తప్ప చేసేదేమీ ఉండదు. అప్పుడు మళ్లీ ఎగోను మీదే భారం.

వెలాస్కో తెచ్చిన మొదటి మార్పు ఈ చోటే. 2023 జట్టులో లేని ఇద్దరిని మళ్లీ పిలిచాడు. ఒకరు లిబెరో మోనికా డె జెన్నారో, మరొకరు ఔట్‌సైడ్ హిట్టర్ (ఎడమ చివర నుంచి కొడుతూ రిసీవ్ కూడా చేసే ఎటాకర్) కతెరీనా బొసెట్టి. లిబెరో అంటే వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరుసలో మాత్రమే ఆడే డిఫెన్స్ స్పెషలిస్ట్. నెట్ ఎత్తు పైనుంచి కొట్టడానికి వీల్లేదు, బ్లాక్‌కు వెళ్లడానికి వీల్లేదు, అంతర్జాతీయ మ్యాచ్‌లలో సర్వీస్ కూడా చేయకూడదు. స్కోర్ షీట్‌లో ఆమె పేరు ఎదురుగా పాయింట్లు ఉండవు. పారిస్‌కు వచ్చేసరికి డె జెన్నారో వయసు 37. యువ జట్టును తయారు చేయాలనే పేరుతో ఆ వయసు వాళ్లను పక్కన పెట్టడానికి ఏ కోచ్‌కైనా కారణాలు సులువుగా దొరుకుతాయి. కానీ బంతి ఎక్కడ పడబోతోందో ఎదుటి హిట్టర్ భుజం చూసి ముందే పసిగట్టే నేర్పు ఏళ్ల తరబడి ఆడితే తప్ప రాదు. బొసెట్టి కూడా పవర్ హిట్టర్ కాదు. రిసీవ్, డిఫెన్స్, తెలివిగా బ్లాక్‌కు తాకించి బయటకు పంపే షాట్లు ఆమె సొత్తు. ఈ ఇద్దరితో పాటు మిరియం సిల్లా కలిసేసరికి వెనక వరుస గట్టిపడింది. ఫలితంగా సెట్టర్ అలెస్సియా ఓర్రోకు చేతినిండా మంచి బంతులు అందాయి. మధ్యలో అన్నా డనేసి, సారా ఫార్ చురుగ్గా ఎటాక్ చేయడం మొదలుపెట్టాక, ఎగోను ముందు నిలబడే బ్లాకర్ల సంఖ్య దానంతటదే తగ్గింది.

ఇంకో చిన్న అనుకూలత కూడా ఉంది. 2023-24 సీజన్‌లో ఓర్రో, ఎగోను, సిల్లా ముగ్గురూ మిలాన్ క్లబ్‌కే ఆడారు. సెట్టర్‌కూ హిట్టర్‌కూ మధ్య కావాల్సిన టైమింగ్ జాతీయ శిబిరంలో వారాల్లో కుదిరేది కాదు. అది ముందే కుదిరి ఉంది.

రెండో మార్పు మరింత ఆసక్తికరం. 2023 గొడవకు మూలం కూడా అదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎగోను ఆడేది ఆపోజిట్ స్థానంలో. అంటే కోర్టులో సెట్టర్‌కు ఐమూలగా నిలబడే ప్రధాన ఎటాకర్ స్థానం. అదే స్థానంలో ఆడే మరో అమ్మాయి ఎకటెరీనా ఆంత్రోపోవా. ఐస్‌లాండ్‌లో రష్యన్ తల్లిదండ్రులకు పుట్టింది, 2.02 మీటర్ల పొడవు. ఆమెకు ఇటలీ పౌరసత్వం 2023 ఆగస్టులో, సరిగ్గా యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సమయంలో వచ్చింది. మజాంతి ఆమెను కోర్టులోకి దించి, ఎగోనును బెంచ్ మీద కూర్చోబెట్టాడు. ఫామ్ లెక్కన చూస్తే ఆ నిర్ణయం మరీ తప్పని చెప్పలేం, ఆంత్రోపోవా బాగానే ఆడింది. అయితే "ఈమా, ఆమా" అనే ప్రశ్నగా అది మారిపోయింది. పత్రికలు రెండు శిబిరాలయ్యాయి. ఎగోను అర్హత టోర్నీకి దూరమైంది. ప్రపంచంలోని అగ్రశ్రేణి ఆపోజిట్‌లు ఇద్దరు చేతిలో ఉండి కూడా ఒకరినే వాడుకోగలిగిన జట్టుగా ఇటలీ మిగిలింది.

వెలాస్కో ఎంచుకున్న దారి వాలీబాల్‌లో పాతదే: డబుల్ ఛేంజ్. ఒక జట్టు సర్వీస్ తిరిగి గెలుచుకున్నప్పుడల్లా ఆటగాళ్లు గడియారం ముల్లు తిరిగే దిశలో ఒక్కో స్థానం జరుగుతారు. ఆరు రొటేషన్లలో మూడింటిలో సెట్టర్ ముందు వరుసలో ఉంటుంది. ఆ మూడు రొటేషన్లలో ముందు వరుసలో నిజమైన ఎటాకర్లు ఇద్దరే. ఐమూలగా ఉండే ఆపోజిట్ అప్పుడు వెనక వరుసలో ఉండి, మూడు మీటర్ల గీత వెనక నుంచే ఎగిరి కొట్టాలి. అంతేకాదు, పొట్టిగా ఉన్న సెట్టర్ నెట్ దగ్గర ఉండటంతో బ్లాక్ కూడా పలచబడుతుంది. ఆ సమయంలో కోచ్ ఒకేసారి ఇద్దరిని మారుస్తాడు. ముందు వరుసలోకి వస్తున్న సెట్టర్ స్థానంలో రెండో ఆపోజిట్‌ను, వెనక్కి వెళ్తున్న ఆపోజిట్ స్థానంలో రెండో సెట్టర్‌ను పంపుతాడు. దెబ్బకు ముందు వరుసలో మళ్లీ ముగ్గురు ఎటాకర్లు, నెట్ మీద ఎత్తైన చేతులు. ఇటలీ విషయంలో ఓర్రో, ఎగోను బయటకు వచ్చి కార్లొట్టా కాంబి, ఆంత్రోపోవా లోపలికి వెళ్తారు. సెట్టర్ చోటులోకి రెండు మీటర్లు దాటిన అమ్మాయి వచ్చి నిలబడితే ఎదుటి ఎటాకర్‌కు కనిపించే కోర్టే చిన్నదైపోతుంది.

నిబంధనల ప్రకారం ఒక సెట్‌లో ఆరు మార్పులే చేయొచ్చు. బయటకు వెళ్లిన ఆటగత్తె తన స్థానంలోకి ఒక్కసారే తిరిగి రావచ్చు. కాబట్టి డబుల్ ఛేంజ్ చేసి మళ్లీ పాత జోడీని తెస్తే నాలుగు మార్పులు ఖర్చవుతాయి. సెట్‌కు ఒక్కసారే చేయగల పని ఇది. చాలా జట్లు దీన్ని సెట్ చివర్లో, తంటాలు పడుతున్నప్పుడు వాడతాయి. వాళ్లకు రెండో ఆపోజిట్ అంటే బెంచ్ బలం మాత్రమే. ఇటలీకి మాత్రం రెండో ఆపోజిట్ వేరే ఏ దేశంలోనైనా మొదటి ఆరుగురిలో ఉండగల స్థాయి అమ్మాయి. అందుకే ఈ మార్పు అత్యవసర మందులా కాక ఆట ప్రణాళికలో భాగంగా పనిచేసింది. ఎగోను మొదటి నుంచి ఆడుతుంది, ఇది ఖరారు. ఆంత్రోపోవాకు తన వంతు వస్తుంది, ఇదీ ఖరారే. ఎవరు ఎవరి చోటు లాక్కుంటారనే టెన్షన్ పోయింది. డబుల్ ఛేంజ్‌తో వచ్చిన పాయింట్ల కన్నా ఈ స్పష్టతే ఎక్కువ విలువైనదని అనిపిస్తుంది.

ఫైనల్లో ఎగోను 22 పాయింట్లు చేసి టోర్నీ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. అంటే ఆమె మీద ఆధారపడటం పోయిందా అంటే, పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు. ఆమెకు అందే బంతి నాణ్యత పెరిగింది, ఆమె బయట ఉన్నప్పుడు ఆట కుంటుపడటం ఆగింది.

వెలాస్కో గురించి ఇప్పుడు చెప్పుకోవచ్చు. 1952లో అర్జెంటీనాలోని లా ప్లాటాలో పుట్టాడు. 1989 నుంచి ఇటలీ పురుషుల జట్టును నడిపి 1990, 1994లలో ప్రపంచ విజేతగా నిలబెట్టాడు. 1996 అట్లాంటా ఫైనల్లో మాత్రం నెదర్లాండ్స్ చేతిలో ఐదో సెట్ 17-15తో చేజారింది. మధ్యలో ఫుట్‌బాల్ క్లబ్‌ల మేనేజ్‌మెంట్‌లోనూ పనిచేశాడు. ఇటలీ క్రీడాలోకంలో ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది సాకుల మీద ఆయన చేసే విమర్శ. హిట్టర్ సెట్టర్‌ను తప్పుపడతాడు, సెట్టర్ రిసీవర్‌ను తప్పుపడతాడు, రిసీవర్ కళ్లలో లైట్లు పడ్డాయంటాడు. ఈ గొలుసుకు అంతుండదు. సెట్ ఎలా వచ్చిందనేది చర్చించడం హిట్టర్ పని కాదు, వచ్చిన దాన్ని పాయింటుగా మలచడమే పని అంటాడు. పారిస్‌కు ముందు కూడా "మనకు లేని ఆ స్వర్ణం" అనే జాతీయ దిగులును దూరం పెట్టమని, చేతిలో ఉన్న బంతి గురించే ఆలోచించమని పదేపదే చెప్పాడు. మాటలు బాగానే ఉంటాయి, అయితే ఇలాంటి మాటలు చెప్పే కోచ్‌లు ప్రపంచమంతా ఉన్నారు. తేడా ఏమిటంటే, ఈయన మాటకు తగ్గట్టు జట్టు అమరిక కూడా ఉంది.

సహాయక సిబ్బంది విషయంలోనూ ఆయన మొహమాటపడలేదు. గతంలో మహిళల జట్టుకే హెడ్ కోచ్‌గా పనిచేసి యూరప్ టైటిళ్లు తెచ్చిన మాసిమో బార్బొలీనిని, తన పాత శిష్యుడు లోరెంజో బెర్నార్డిని పక్కన పెట్టుకున్నాడు. 2001లో అంతర్జాతీయ సమాఖ్య శతాబ్దపు ఉత్తమ ఆటగాళ్లుగా ప్రకటించిన ఇద్దరిలో బెర్నార్డి ఒకడు. రెండోవాడు కార్చ్ కిరాయ్, పారిస్ ఫైనల్లో అమెరికా కోచ్. ఎదురెదురు బెంచీల మీద ఆ ఇద్దరూ కనిపించడం వాలీబాల్ అభిమానులకు మ్యాచ్‌తో పాటు దొరికిన కొసరు.

దీనికంతటికీ పునాది వేసింది దేశీయ లీగ్. ఇటలీ మహిళల ఏ1 లీగ్‌లో టర్కీ లీగ్‌కు దీటుగా ప్రపంచ తారలు ఆడతారు. కొనెలియానో క్లబ్ 2019-21 మధ్య వరుసగా 76 మ్యాచ్‌లు గెలిచింది. 2024, 2025 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్స్ రెండూ ఇటలీ క్లబ్‌ల మధ్యే జరిగాయి. దీంతో పాటు ఇటలీ వాలీబాల్ సమాఖ్యే నడిపే క్లబ్ ఇటాలియా అనే జట్టు ఉంది. టీనేజ్ అమ్మాయిలను ఒకచోట చేర్చి, పెద్దల లీగ్‌లోకి దించి, ఓడినా సరే ఆడిస్తారు. ఎగోను, డనేసి, ఓర్రో అందరూ అక్కడ ఎదిగిన వాళ్లే. మన దేశంలో వాలీబాల్ ప్రతిభకు కొదవలేదనే మాట తరచూ వింటాం. పదహారేళ్ల పిల్లకు వారం వారం తనకన్నా గట్టి జట్టుతో మ్యాచ్ దొరికే ఏర్పాటు ఉందా అన్నది ఎవరూ అంత తరచుగా అడగరు.

ఈ జట్టు కథలో కోర్టు బయటి భాగాన్ని తప్పించుకోలేం. ఎగోను ఇటలీలోని చిత్తడెల్లాలో నైజీరియా తల్లిదండ్రులకు పుట్టింది. సిల్లా పలేర్మోలో పుట్టింది, తల్లిదండ్రులది ఐవరీ కోస్ట్. 2022 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచిన వెంటనే, "నువ్వు ఇటాలియన్‌వేనా అని అడుగుతున్నారు" అంటూ ఎగోను ఏజెంట్ దగ్గర కన్నీళ్లు పెట్టుకున్న వీడియో బయటకు వచ్చింది. ప్రధాని మారియో ద్రాగి స్వయంగా ఫోన్ చేశాడు. పారిస్ స్వర్ణం తర్వాత రోమ్‌లో ఒలింపిక్ కమిటీ కార్యాలయం దగ్గర వెలసిన ఆమె కుడ్యచిత్రంలో చర్మాన్ని ఎవరో ఒక్కరోజులోనే గులాబీ రంగుతో పూసేశారు. ఇటలీలో పుట్టినా విదేశీయుల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం రాదు. విదేశీయులు పౌరసత్వానికి దరఖాస్తు చేయడానికి కావాల్సిన పదేళ్ల నివాస గడువును ఐదేళ్లకు తగ్గించాలనే రెఫరెండం 2025 జూన్‌లో తగినంత పోలింగ్ లేక వీగిపోయింది. పతకం వచ్చిన రోజు జెండా కప్పిన వాళ్లందరూ ఆ రోజు ఓటుకు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించడం తేలికే.

పారిస్ ఒక వేసవి మెరుపు కాదని ఆ తర్వాతి ఏడాది తేల్చింది. 2025 నేషన్స్ లీగ్ ఫైనల్లో బ్రెజిల్‌ను 3-1తో ఓడించారు. ఆ తర్వాత థాయ్‌లాండ్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్. అక్కడ దారి పారిస్ అంత నున్నగా సాగలేదు, అందుకే ఆ టైటిల్ ఇంకా విలువైనది. సెమీస్‌లో బ్రెజిల్ ఐదు సెట్ల దాకా లాగింది, చివరి సెట్ 15-13. సెప్టెంబర్ 7న బ్యాంకాక్‌లో జరిగిన ఫైనల్లో టర్కీతో రెండో సెట్‌ను ఇటలీ 13-25తో సమర్పించుకుంది. క్యూబాలో పుట్టి టర్కీకి ఆడుతున్న మెలిస్సా వర్గాస్ కొట్టుడుకు ఎవరి దగ్గరా సమాధానం లేని దశ అది. మ్యాచ్ రెండు సెట్లకు రెండు సెట్లు అయ్యాక, ఐదో సెట్‌ను ఇటలీ 15-8తో ముగించింది. 2002 తర్వాత మహిళల జట్టుకు ఇది రెండో ప్రపంచ టైటిల్. 2024 జూన్ నుంచి లెక్కిస్తే వరుసగా 36వ విజయం. మూడు వారాలకు పురుషుల జట్టు కూడా ప్రపంచ విజేత అయింది.

ఆ ఫైనల్లో టర్కీ కోచ్ డానియెలె సాంతరెల్లి, డె జెన్నారో భర్త. క్లబ్ స్థాయిలో కొనెలియానోలో ఇద్దరిదీ ఒకే గూడు, జాతీయ జట్టుకు వచ్చేసరికి ఎదురెదురు. టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఏ భారీ హిట్టర్‌కూ దక్కలేదు, సెట్టర్ ఓర్రోకు దక్కింది. 2018లో ఒకే చేతి మీద నడిచిన జట్టు ఏడేళ్లలో ఎక్కడికి వచ్చిందో ఆ ఎంపికలోనే కనిపిస్తుంది.

ముందున్న చిక్కు కూడా అదే వెనక వరుసలో ఉంది. డె జెన్నారో ఆ టైటిల్‌తో జాతీయ జెర్సీకి వీడ్కోలు చెప్పింది. ఓర్రో టర్కీ లీగ్‌కు వెళ్లింది కాబట్టి ఎగోనుతో రోజువారీ ప్రాక్టీస్ లేదు. ఎగోను, ఆంత్రోపోవా ఇద్దరూ 2028 లాస్ ఏంజెలిస్ నాటికి కూడా ఆడే వయసులోనే ఉంటారు, కొట్టే చేతులకు కొరత రాదు. బ్యాంకాక్‌లో రెండో లిబెరోగా ఉన్న ఎలెనోరా ఫెర్సినో లాంటి వాళ్లు పెద్ద మ్యాచ్ ఐదో సెట్‌లో, బలమైన జంప్ సర్వీస్‌ల ముందు రిసీవ్‌ను నెట్ దగ్గరికి పెట్టగలిగితే డబుల్ ఛేంజ్‌కూ ఓర్రో తెలివికీ పని ఉంటుంది. పెట్టలేకపోతే బంతి మళ్లీ ఎత్తుగా, నెమ్మదిగా, ఇద్దరు ముగ్గురు బ్లాకర్లు కాచుకుని ఉన్న చోటికే, ఎగోను దగ్గరికే వెళ్తుంది.